బుడగలు కాదు, లైటు చూడండి: మొక్కల అక్వేరియంలో సీఓటూ సంగతి

నీళ్లలోని మొక్కలకి కార్బన్ అందడానికి అక్వేరియంలోకి సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్‌ని బుడగలుగా వదులుతారు. మొక్కల అక్వేరియం పెట్టుకున్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటుంది: "నా ట్యాంకుకి సెకనుకి ఎన్ని బుడగలు వదలాలి?" జవాబులు కూడా వెంటనే వచ్చేస్తాయి. ఒకరు ఒకటి చాలంటారు, ఇంకొకరు మూడు లేకపోతే దండగంటారు. ఎవరి ట్యాంకు వరకు వాళ్లు చెప్పింది నిజమే. కానీ ఆ అంకె తెచ్చి మన ట్యాంకులో పెట్టుకుంటే ఏమీ తేలదు, ఎందుకంటే బబుల్ కౌంటర్ (బుడగలు లెక్కపెట్టుకునే చిన్న బుడ్డి) గొట్టం సన్నమా లావా అన్నదాన్ని బట్టి బుడగ సైజు మారిపోతుంది, ఆ గ్యాస్‌లో ఎంత కరుగుతోంది ఎంత పైకొచ్చి పగిలిపోతోంది అన్నది డిఫ్యూజర్ (గ్యాస్‌ని సన్నటి బుడగలుగా చేసి నీటిలో కలిపే పరికరం) మీద ఆధారపడుతుంది, కరిగినదాంట్లో ఎంత మిగులుతుంది అన్నది నీటి పైభాగం ఎంత కదులుతోంది అన్నదాని మీద. నిన్న ఉన్నట్టే ఇవాళా గ్యాస్ వస్తోందా లేదా అని చూసుకోవడానికి బుడగలు పనికొస్తాయి. అంతకుమించి వాటితో పని లేదు.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. నా లైటుకి ఎంత సీఓటూ కావాలి, అది రోజూ ఒకేలా అందుతోందా, చేపలు హాయిగా ఉన్నాయా? ఈ మూడూ కుదిరితే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి.

మొక్కకి అసలు లోటు ఎక్కడ

మొక్కని ఎండబెట్టి తూస్తే ఆ బరువులో దాదాపు 40 నుంచి 45 శాతం కార్బనే ఉంటుంది. నైట్రేట్, ఫాస్ఫేట్, పొటాషియం, ఐరన్ అని సీసాలకి సీసాలు కొంటాం గానీ అవన్నీ కలిపినా కార్బన్ ముందు కొంచెమే. నేల మీద మొక్కకి కార్బన్ గురించి పెద్దగా బెంగ లేదు. గాలిలో సీఓటూ 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420 పాళ్లు) పైనే ఉంది, గాలి కదులుతూ ఆకు దగ్గరికి ఎప్పటికప్పుడు కొత్తది తెస్తూనే ఉంటుంది.

నీళ్లలో పరిస్థితి అలా కాదు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మామూలు గాలికి సర్దుకున్న నీటిలో లీటరుకి సుమారు 0.6 మిల్లీగ్రాముల సీఓటూ మాత్రమే కరిగి ఉంటుంది. నీటి విషయంలో పీపీఎం అన్నా లీటరుకి మిల్లీగ్రాము అన్నా ఒకటే అనుకోవచ్చు, కాబట్టి అది 0.6 పీపీఎం. చేపలు, బ్యాక్టీరియా, అడుగున కుళ్లే ఆకులు కొంత సీఓటూ వదులుతాయి కనుక మామూలు ట్యాంకులో అది రెండు మూడు పీపీఎం దాకా ఉండొచ్చు. దీనికి తోడు, సీఓటూ నీటిలో వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. ప్రతి ఆకునీ అంటిపెట్టుకుని కదలని నీటి పొర ఒకటి, పల్చగా ఉంటుంది. ఆ పొరలో ఉన్న కాస్త సీఓటూని ఆకు లాగేసుకున్నాక, బయట నీటిలో ఎంత ఉన్నా సరే లోపలికి రావడానికి టైమ్ పడుతుంది. లైటు మాత్రం ఆ లోపు ఆగదు.

అన్ని మొక్కలూ దీనికి ఒకేలా ఇబ్బంది పడవు. వాలిస్నేరియా, హైడ్రిల్లా, ఎలోడియా లాంటివి నీటిలోని బైకార్బొనేట్ నుంచి కూడా కార్బన్ తీసుకోగలవు. నీటి మీద తేలే మొక్కలకి గాలిలోదే సరిపోతుంది. జావా మాస్ లాంటి మాస్‌లకి ఈ రెండు దారులూ లేవు, కరిగిన సీఓటూ ఒక్కటే వాటికి గతి. అందుకే ఒకే ట్యాంకులో వాలిస్నేరియా గడ్డిలా అల్లుకుపోతుంటే పక్కనే రొటాలా అనే కాడ మొక్క కొనలు ముడుచుకుపోయి చిక్కిపోవడం కనిపిస్తుంది. దాన్ని చూసి ఎరువు చాలట్లేదేమో అనుకుని ఇంకా పోస్తుంటారు చాలామంది. ఎక్కువసార్లు అక్కడ లేనిది ఎరువు కాదు, కార్బన్.

కొత్తగా కొన్న మొక్కల ఆకులు మొదటి రెండు మూడు వారాల్లో కరిగిపోవడానికి కూడా దీంతో సంబంధం ఉంది. నర్సరీల్లో ఈ మొక్కల్ని చాలావరకు నీటి పైన, తేమ గాలిలో పెంచుతారు. ఆ ఆకులు గాలికి తయారైనవి. నీళ్లలో ముంచాక మొక్క వాటిని వదిలేసి, నీటికి పనికొచ్చే పల్చటి ఆకులు కొత్తగా వేసుకోవాలి, అది కూడా వేళ్లు ఇంకా పట్టకముందే. సీఓటూ బాగా అక్కరకొచ్చే సమయం ఇదే. ట్యాంకు కుదుటపడ్డాక పెడదాంలే అనుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. పెట్టే ఉద్దేశం ఉంటే మొదటి రోజు నుంచే పెట్టాలి.

ఎంత కావాలో తేల్చేది లైటు

లైటు పెరిగే కొద్దీ మొక్క ఎక్కువ కార్బన్ అడుగుతుంది. అందకపోతే పెరుగుదల ఆగడంతో పోదు, పాత ఆకులు పాడవుతాయి, వాటి మీద నాచు పడుతుంది. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ లాంటివి వేసి, లైటు తక్కువ పెట్టి, రోజుకి ఆరేడు గంటలే వేసుకునేవాళ్లకి సిలిండర్ అసలు అవసరం లేదు. ఆ ట్యాంకులు సంవత్సరాల తరబడి చక్కగా ఉంటాయి. తివాచీలా అల్లుకునే మొక్కలు, ఎర్రటి కాడ మొక్కలు కావాలంటే లైటు ఎక్కువ కావాలి, లైటు ఎక్కువైతే సీఓటూ తప్పదు.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. తక్కువ లైటులో సీఓటూ ఇచ్చినా మొక్కలు బాగా స్పందిస్తాయి. కార్బన్ కరువైనప్పుడు మొక్క తన శక్తినీ నైట్రోజన్‌నీ కార్బన్ పట్టుకునే పనికే ఎక్కువ ఖర్చు పెడుతుంది, రుబిస్కో అనే ఎంజైమ్‌ని ఎక్కువగా తయారు చేసుకుంటుంది. కార్బన్ సులువుగా దొరికితే ఆ ఖర్చు మిగిలి, ఉన్న కొద్ది లైటునే ఇంకా బాగా వాడుకునే పనికి మళ్లుతుంది. అందుకని లైటు కొంచెం తక్కువ, సీఓటూ కొంచెం ఎక్కువ అన్నది ఎప్పుడూ సురక్షితమైన పక్షం. దీనికి తలకిందులుగా, ఖరీదైన లైటు కొని సీఓటూ తర్వాత చూద్దాం అనుకోవడమే నాచుని పిలిచి పెట్టుకోవడం.

రుబిస్కో మాట ఎత్తింది ఇంకో కారణానికి కూడా. మొక్క తనలో తాను చేసుకునే ఈ సర్దుబాటు ఒక రాత్రిలో అయ్యేది కాదు, రోజులు, వారాలు పడుతుంది. ఇవాళ 30 పీపీఎం, రేపు 10, ఎల్లుండి మళ్లీ 30 అంటే అది దేనికీ కుదురుకోలేదు. ఆకుల అంచుల మీదా కర్ర మీదా నల్లగా కుచ్చులు కుచ్చులుగా పట్టే బ్లాక్ బియర్డ్ నాచు చాలాసార్లు ఇలా సీఓటూ ఎగుడుదిగుడుగా ఉన్న ట్యాంకుల్లోనే మొండికేస్తుంది. (నల్లగా కనిపించినా అది ఎర్ర నాచుల జాతిది, చచ్చిపోయేటప్పుడు గులాబీ రంగుకి తిరుగుతుంది.) చాలామంది గురిపెట్టే 30 పీపీఎం అందుకోలేకపోతే 15 దగ్గరే ఆగండి, లైటు దానికి తగ్గట్టు తగ్గించుకోండి. రోజూ నిలకడగా ఉండే 15, ఊగిసలాడే 30 కంటే మేలు.

అంకెలు ఎలా తెలుస్తాయి

నీటిలో కరిగిన సీఓటూని నేరుగా కొలిచే పరికరాలు ఇళ్లలో ఉండవు కాబట్టి పీహెచ్ ద్వారా లెక్క కడతాం. సీఓటూ కరిగితే కొంత కార్బోనిక్ ఆమ్లం ఏర్పడి పీహెచ్ దిగుతుంది. ఎంత దిగుతుందన్నది నీటి కేహెచ్, అంటే కార్బొనేట్ కాఠిన్యం మీద ఆధారపడుతుంది. కేహెచ్ 4 ఉన్న నీటిలో పీహెచ్ 7.6 ఉంటే సీఓటూ సుమారు 3 పీపీఎం, 7.0 ఉంటే 12, 6.6 ఉంటే 30, 6.4కి దిగితే 48. చివరి రెండు అంకెలు చూడండి. పీహెచ్‌లో తేడా 0.2 మాత్రమే, సీఓటూ మాత్రం హాయిగా ఉన్న చేపని నీటి పైకి పరుగెత్తించేంత పెరిగింది.

పీహెచ్, కేహెచ్ బట్టి సీఓటూ చెప్పే ఈ లెక్కల పట్టిక కాగితం మీద బాగుంటుంది గానీ ట్యాంకులో తరచూ తప్పుతుంది. కర్ర నుంచి దిగే టానిన్‌లు, ఫాస్ఫేట్ బఫర్లు (పీహెచ్ సర్దడానికి కలిపే మందులు) కూడా పీహెచ్‌ని మారుస్తాయి. పట్టికకి ఆ తేడా తెలీదు, దిగిందంతా సీఓటూ ఖాతాలోనే వేస్తుంది. ఇక అక్వా సాయిల్ (మొక్కల ట్యాంకుల కోసం అమ్మే ప్రత్యేకమైన మట్టి) వేసిన ట్యాంకులో కేహెచ్ దాదాపు సున్నాకి పడిపోతుంది, అక్కడ ఆ పట్టిక చూడటమే వృథా.

అందుకే డ్రాప్ చెకర్. చిన్న గాజు బుడ్డి, లోపల కేహెచ్ సరిగ్గా 4 ఉండేలా తయారు చేసిన నీళ్లు, వాటిలో బ్రోమోథైమోల్ బ్లూ అనే రంగు మందు చుక్కలు. ట్యాంకు నీటికీ లోపలి నీటికీ మధ్య గాలి ఉంటుంది, రెండూ కలవవు. ట్యాంకులోని సీఓటూ మాత్రం ఆ గాలిలోకి, అక్కడి నుంచి బుడ్డిలోని నీటిలోకి చేరుతుంది. లోపల టానిన్‌లు లేవు, కేహెచ్ ఎంతో మనకి తెలుసు, కనుక ఆ రంగు చెప్పేది సీఓటూ సంగతి మాత్రమే. నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ అంటే 30కి అటూ ఇటూ, పసుపు అంటే ఎక్కువ. బుడ్డిలో ట్యాంకు నీళ్లే పోసేస్తుంటారు కొందరు, అలా చేస్తే దాని ప్రయోజనమే పోతుంది. రంగు చూసేటప్పుడు వెనకాల తెల్ల కాగితం పెట్టి చూడండి, మొక్కల పచ్చదనం మీదుగా చూస్తే నీలం కూడా పచ్చగానే కనిపిస్తుంది. ఇంకొకటి, రంగు మారడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. మీరు ఇప్పుడు చూస్తున్నది ఇప్పటి నీటిని కాదు, కాసేపటి కిందటి నీటిని. వాల్వ్ తిప్పి, రంగు మారలేదని పది నిమిషాలకి మళ్లీ తిప్పడం చేపల ప్రాణం మీదికి తెస్తుంది.

పీహెచ్ ఒక పాయింట్ దిగితే చాలు అనే సూత్రం కూడా మీరు వినే ఉంటారు. ఒక పాయింట్ దిగితే సీఓటూ పదింతలయినట్టే, అంతవరకు ఖాయం. అయితే దేనికి పదింతలు? మొదట 3 పీపీఎం ఉందనుకుంటే 30 అవుతుంది, ఆ సూత్రం పుట్టింది ఆ ఊహ మీదే. ట్యాంకు నీళ్లు గ్లాసులో తీసి ఒక రోజు బయట పెట్టి, గ్యాసంతా పోయాక కొలిచారనుకోండి, అందులో మిగిలేది 3 కాదు, 0.6 లేదా మూసి ఉన్న గదిలో అయితే ఇంకొంచెం ఎక్కువ. దాని నుంచి ఒక పాయింట్ అంటే 6 పీపీఎమే. అదే ట్యాంకులో పొద్దున గ్యాస్ మొదలయ్యే ముందు కొలిస్తే, రాత్రి మిగిలిపోయిన సీఓటూ కలిసి మొదలే వేరేగా ఉంటుంది. ఇద్దరూ ఒక పాయింట్ దించామనే అంటారు, ఇద్దరి ట్యాంకుల్లో ఉన్నదానికి పోలికే ఉండదు. కాబట్టి ఎవరైనా ఈ సూత్రం చెబితే, ఎక్కడి నుంచి ఒక పాయింట్ అని అడగండి. నేనైతే దీన్ని రోజుకీ రోజుకీ పోల్చుకోవడానికే వాడతాను: లైటు వెలిగే సమయానికి పీహెచ్ ఎంత, నాలుగు గంటల తర్వాత ఎంత. ఆ రెండూ దగ్గరదగ్గరగా ఉండి, రేపు కూడా అలాగే వస్తే పద్ధతి కుదిరినట్టే.

చేపల సంగతి

సీఓటూ ఎక్కువైతే ఆక్సిజన్‌ని నీటిలోంచి తోసేస్తుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. రెండూ వేటికవే కరుగుతాయి, ఒకే నీటిలో రెండూ నిండుగా ఉండొచ్చు. చేపకి వచ్చే కష్టం వేరు. దాని రక్తంలో తయారైన సీఓటూ మొప్పల ద్వారా బయటికి పోవాలంటే, నీటిలో ఉన్నది రక్తంలో ఉన్నదానికంటే తక్కువగా ఉండాలి. నీటిలో పెరిగే కొద్దీ రక్తంలోనూ పేరుకుంటుంది, రక్తం పీహెచ్ పడిపోతుంది, అప్పుడు హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని సరిగా పట్టుకోలేదు. చుట్టూ ఆక్సిజన్ ఉన్నా చేపకి ఊపిరాడదు. నీటి పీహెచ్ 7.6 నుంచి 6.6కి దిగడం గురించి మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. సీఓటూ వల్ల దిగిన పీహెచ్‌తో నీటిలోని లవణాలు మారవు, చేపలు దాన్ని రోజూ తట్టుకుంటాయి. ఇబ్బంది పెట్టేది పీహెచ్ అంకె కాదు, గ్యాసే.

ఆక్సిజన్ నిండుగా ఉన్న నీటిలో చేపకి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంటుంది. అందుకే గ్యాస్ వృథా అవుతుందని నీటి పైభాగాన్ని కదలకుండా ఉంచడం నాకు బొత్తిగా నచ్చని పని. పైన చిన్న చిన్న అలలు లేస్తుండాలి, జిడ్డు పొర కట్టకూడదు. కొంత సీఓటూ పోతుంది, నిజమే, దానికి కాస్త ఎక్కువ వదులుకుంటే సరి. పైగా అలలున్న ట్యాంకులో గ్యాస్ ఒక స్థాయికి చేరి అక్కడే నిలబడుతుంది, కదలని ట్యాంకులో సాయంత్రం దాకా పేరుకుంటూనే పోతుంది.

వాల్వ్ పెంచేది రోజంతా ఇంట్లో ఉండే రోజునే పెంచండి, ఒక్కసారికి కొంచెమే. సాయంత్రం గ్యాస్ ఆగే ముందు గంటలో చేపల్ని చూడండి, సాధారణంగా సీఓటూ ఎక్కువగా ఉండేది అప్పుడే. మొప్పలు వేగంగా ఆడటం, రంగు వెలవెలబోవడం, తిండికి రాకపోవడం, మూలకి చేరడం, ఇవన్నీ నీటి పైకొచ్చి నోరు తెరిచే దశకంటే ముందే కనిపిస్తాయి. రొయ్యలు గంతులేస్తూ ఈదడమో, ఉన్నచోటే కదలకుండా ఉండిపోవడమో చేస్తాయి. అలా కనబడితే గ్యాస్ కట్టేసి, ఎయిర్ పంపు వేసి, కొన్ని నీళ్లు మార్చండి. డ్రాప్ చెకర్ ఆకుపచ్చగానే ఉంది కదా అని ఆగొద్దు. చేప ఒకటి, డ్రాప్ చెకర్ ఒకటి చెబితే చేప మాటే వినండి.

రాత్రి లైటు లేనప్పుడు మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకుని సీఓటూ వదులుతాయి కాబట్టి రాత్రిళ్లు గ్యాస్ అక్కర్లేదు. సొలెనాయిడ్ వాల్వ్‌ని (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్) టైమర్‌కి తగిలించి, లైటు వెలగడానికి గంటా రెండు గంటల ముందు మొదలయ్యేలా, ఆరడానికి అరగంట గంట ముందు ఆగిపోయేలా పెట్టుకోవాలి. లైటుతో పాటే గ్యాస్ మొదలైతే, మొక్కలు ఆకలిగా ఉన్న మొదటి రెండు గంటలూ ట్యాంకులో సరిపడా సీఓటూ ఉండదు.

ఎక్కడి నుంచి తేవాలి

పంచదార, ఈస్ట్ కలిపిన సీసా చవక, కానీ మొదట్లో పొంగి తర్వాత నీరసిస్తుంది, రాత్రి ఆపలేం. ఇందాక చెప్పిన నిలకడ దానితో రాదు. సిట్రిక్ యాసిడ్, బేకింగ్ సోడా పద్ధతి నయం, వాల్వ్ ఉంటే అదుపులో ఉంటుంది, చిన్న ట్యాంకుకి సరిపోతుంది. వీటిలో దేనికీ గాజు సీసా వాడొద్దు, ఒత్తిడికి పగిలితే కళ్లు పోతాయి.

పెద్ద ట్యాంకుకి సిలిండరే. అందులో సీఓటూ ద్రవంగా ఉంటుంది, 20 డిగ్రీల దగ్గర ఒత్తిడి 57 బార్ల దాకా. ద్రవం మిగిలి ఉన్నంతకాలం మీటరు ముల్లు కదలదు, నిండు సిలిండర్‌కీ అడుగంటబోతున్న సిలిండర్‌కీ ఒకటే చూపిస్తుంది. కాబట్టి ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయాల్సిందే. ద్రవం అయిపోయి ముల్లు పడిపోతున్నప్పుడు సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్లలో (సిలిండర్ ఒత్తిడిని ఒకే మెట్టులో తగ్గించేవి) బయటికొచ్చే ఒత్తిడి పెరుగుతుంది, సన్నగా వచ్చే గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువై చేపలు పోయేది ఇలాంటప్పుడే. రెండు మెట్లలో తగ్గించే డ్యూయల్ స్టేజ్ రెగ్యులేటర్‌కి ఎక్కువ ఖర్చు పెట్టమని నేను చెప్పేది ఈ ఒక్క కారణానికే. సిలిండర్ ఎప్పుడూ నిలువుగా, పడిపోకుండా కట్టి, గాలి ఆడేచోట ఉండాలి. సీఓటూ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. గొట్టం మధ్యలో చెక్ వాల్వ్ కూడా మరవొద్దు, లేకపోతే గ్యాస్ ఆగినప్పుడు నీళ్లు వెనక్కి ఎక్కి రెగ్యులేటర్‌లోకి వెళ్తాయి.

డిఫ్యూజర్ ఏదైనా సరే, కరిగిన సీఓటూ మూలమూలకీ చేరుతోందా చూసుకోండి. ఆ మూల తివాచీ పచ్చగా, ఈ మూల పసుపుగా ఉంటే గ్యాస్ పెంచకండి, ఫిల్టర్ పైపు దిశ మార్చండి. ఆకులన్నీ నెమ్మదిగా ఊగుతుండాలి, అప్పుడే వాటి మీది ఆ కదలని నీటి పొర పల్చబడుతుంది.

"లిక్విడ్ కార్బన్" పేరుతో అమ్మే సీసాల గురించి కూడా చెప్పాలి. వాటిలో ఎక్కువభాగం గ్లుటరాల్డిహైడ్, లేదా దానికి దగ్గరి రసాయనం. గ్లుటరాల్డిహైడ్ క్రిములని చంపడానికి వాడేది. నాచుని అణచడంలో పనిచేస్తుంది, ఆ ఉపయోగం నిజమే, కానీ సిలిండర్ చేసే పని అది చేయదు. వాలిస్నేరియా, మాస్‌లు దానికి దెబ్బతింటాయి. చేతికి గ్లవుజులు లేకుండా ముట్టుకోకండి, ఆవిరి పీల్చకండి, సీసా మీద రాసిన మోతాదు దాటకండి.

సిలిండర్ ఖాళీ అయ్యి వెంటనే నింపించడం కుదరకపోతే చేయాల్సింది ఒకటే, ఆ రోజే లైటు తగ్గించండి, వెలుగైనా సరే గంటలైనా సరే. ఎక్కువ లైటు కింద సీఓటూ లేకుండా ఒక్క వారం గడిస్తే పడే నాచు పోవడానికి నెలలు పడుతుంది. కొత్త సిలిండర్ వచ్చాక పాత స్థాయికి ఒకేసారి తీసుకెళ్లకుండా మూడు నాలుగు రోజుల్లో మెల్లగా పెంచండి, ఈ లోపు చేపలకి ఆ అలవాటు తప్పిపోయి ఉంటుంది. గ్యాస్ పూర్తిగా కుదిరాకే లైటు మళ్లీ పెంచండి.